మా పేరు మీద కూర

విమర్శ అంటే కథలూ కవిత్వాలూ మాత్రమే చదవాలని ఎవరన్నారు? హోటలు మెనూ కార్డు కూడా ఒక పాఠమే. ఎవరి పేరు పైకి రావాలి, ఎవరి పేరు అసలు కనపడకూడదు అనే రాజకీయం అందులోనూ ఉంటుంది. అమ్మకానికి పనికొచ్చేది చెబుతుంది, పనికిరానిది మింగేస్తుంది. నచ్చని కథని పక్కన పడేస్తాం. మెనూ కార్డుని మాత్రం నమ్మి నోట్లో పెట్టుకుంటాం. అందుకే దాన్ని మరింత జాగ్రత్తగా చదవాలి.

‘బర్మీస్ అండ్ థాయ్’ అని ఒకే బోర్డు కింద రెండు దేశాల భోజనం పెట్టే హోటళ్ళు ఇప్పుడు పెద్ద నగరాల్లో కనిపిస్తున్నాయి. మన తెలుగువాళ్ళు స్థిరపడిన విదేశాల ఊళ్ళల్లోనూ ఉన్నాయి. 1767లో బర్మా సైన్యం థాయిల రాజధాని అయుత్తయని నేలమట్టం చేసింది. ఆ రెండు దేశాలూ ఇవాళ ఒకే బల్లమీద పక్కపక్కన కూర్చున్నాయంటే సంతోషమే. అన్నం మనుషుల్ని కలుపుతుందనే మాట మేమూ నమ్ముతాం. కానీ ఎవర్ని కలుపుతోంది, ఎవర్ని వదిలేస్తోంది అనేది మా ప్రశ్న.

మేం ఏ హోటలుకి వెళ్ళినా మొదట అడిగేది హలాలేనా అని. ఆ మాట వినగానే మీలో కొందరి మొహం మారుతుంది. ఒకాయన ‘వెజ్జేనా’ అని అడిగితే అది ఆచారం. ఉల్లి, వెల్లుల్లి వేశారా అని అడిగితే అది నిష్ఠ. మేం హలాలా అని అడిగితే మాత్రం అది మతఛాందసం. ఒకే బల్ల దగ్గర కూర్చున్నా మా ప్రశ్నకీ మీ ప్రశ్నకీ ఒకే మర్యాద లేదు. బర్మా, థాయ్ హోటల్లో ఈ ప్రశ్న మరీ తప్పదు. పంది మాంసం, చేపల ఉప్పునీళ్ళు, రొయ్యల ముద్ద ఎందులో ఎంత ఉన్నాయో పేర్లని బట్టి తెలియదు. కాబట్టి అడుగుతాం. అడిగాక మెనూ కార్డు చేతిలోకి తీసుకుంటాం. చదవడం మొదలుపెడితే ఆ కార్డు నిండా మేమే కనిపిస్తాం.

థాయ్ పేజీలో మసమన్ కూర ఉంటుంది. ఆ పేరు ముసల్మాన్ అనే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ముసల్మానుల కూర అన్నమాట. ఏలకులు, దాల్చినచెక్క, లవంగం, జీలకర్ర, జాజికాయ వేయించి నూరిన మసాలా. మా అమ్మలు సాలన్‌లో వేసే దినుసులే. దానికి అక్కడి నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, రొయ్యల ముద్ద, కొబ్బరిపాలు, చింతపండు, తాటిబెల్లం కలిశాయి. ఆలుగడ్డ, పల్లీ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చి అందులో పడ్డాయి. 1809లో రెండో రామ పేరుతో సయాం గద్దెనెక్కిన రాజు యువరాజుగా ఉన్నప్పుడు రాశాడని చెప్పే పడవపాటలో ఈ కూర పేరు ఉంది. 2011లో సీఎన్ఎన్ వాళ్ళు ప్రపంచంలోని 50 గొప్ప వంటకాల జాబితా వేసి దీన్ని మొదటి స్థానంలో పెట్టారు. ముసల్మాను ఎక్కడైనా మొదటి స్థానంలో నిలబడ్డాడంటే అది కూరగా మారిన తర్వాతే!

రుచి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే విమర్శ ఎలా అవుతుంది? మసమన్ నిదానంగా ఉడకాల్సిన కూర. కొబ్బరిపాల మీగడ విరిగి నూనె పైకి తేలాలి. ఆ నూనెలో మసాలా వేగాలి. పులుపు, తీపి, ఉప్పు మూడూ కలిసి వచ్చి చివర్న లవంగం వాసన మిగలాలి. సీసాలోని ముద్దని నీళ్ళలో కలిపి పంచదార చల్లి పెడితే అది మసమన్ కాదు, పాయసం. చాలా హోటళ్ళలో దొరికేది ఈ రెండో రకమే. ముసల్మాను తెచ్చిన కారాన్ని, ఘాటుని తీసేసి, తీపి మాత్రం ఉంచి అమ్ముతారు. సినిమాల్లో మా పాత్రలకి చేసేది కూడా ఇదే కదా. మంచివాడైతే తీపి నేస్తం. ఘాటుగా మాట్లాడితే విలన్.

మసమన్ ఎలా వచ్చిందనేదానికి ఒక దారి పర్షియా వైపు చూపిస్తుంది. 17వ శతాబ్దం మొదట్లో కుమ్ పట్నం నుంచి షేక్ అహ్మద్ అనే వర్తకుడు అయుత్తయ చేరాడు. రాజుగారి కొలువులో పెద్ద ఉద్యోగి అయ్యాడు. అక్కడి ముస్లింలకి మొదటి షేకుల్ ఇస్లాం ఆయనే. ఆ పదవి థాయిలాండులో ఈనాటికీ ఉంది. ఆయన వంశంలో ఒక శాఖ తర్వాత బౌద్ధం తీసుకుని బున్నాగ్ కుటుంబంగా ఆ దేశాన్ని నడిపిన పెద్ద కుటుంబాల్లో ఒకటయింది. అంటే మేం అక్కడికి నిన్న రాలేదు. కత్తి పట్టుకునీ రాలేదు. సరుకు తెచ్చాం, మసాలా తెచ్చాం, లెక్కలు రాసే విద్య తెచ్చాం.

అయినా థాయ్ భాషలో మమ్మల్ని పిలిచే మాట ‘ఖేక్’. దాని అర్థం అతిథి. భారతీయుడూ ఖేకే, మలయ్ ముస్లిమూ ఖేకే. వినడానికి ఎంత మర్యాదగా ఉంది! అయితే నాలుగు వందల ఏళ్ళు అతిథిగా ఉన్నవాడు ఇంటివాడు ఎప్పుడవుతాడు? దక్షిణాన పట్టానీ, యాలా, నరాథివాత్ ప్రాంతాల్లో ఉన్న మలయ్ ముస్లింలు అసలు ఎక్కణ్ణించీ రాలేదు. సరిహద్దే వాళ్ళమీదికి వచ్చింది. 1909లో బ్రిటన్, సయాం కూర్చుని గీత గీశాయి. పట్టానీ సయాంలో పడింది. తమ ఊళ్ళో తాము అతిథులయ్యారు. 2004 అక్టోబర్ 25న తక్ బై పోలీస్ స్టేషన్ ముందు నిరసనకి దిగిన మనుషుల్ని చేతులు వెనక్కి విరిచి కట్టి, సైనిక లారీల్లో ఒకరిమీద ఒకర్ని పేర్చారు. అది రంజాన్ నెల. మొత్తం 85 మంది చనిపోయారు. వాళ్ళలో 78 మంది ఆ లారీల్లో ఊపిరాడక పోయినవాళ్ళు. 2024 అక్టోబర్ 25తో ఆ కేసు గడువు తీరిపోయింది. నిందితుల్లో ఒక్కరూ కోర్టు బోను ఎక్కలేదు. అతిథి మర్యాద అంటే ఇదన్నమాట.

ఇక బర్మా పేజీ తిప్పండి. దాన్ని చదవడానికి మాకు నిఘంటువు అవసరం లేదు. పలాటా అంటే పరాఠా. సమూసా తోక్ అంటే సమోసాని తుంచి, ఉల్లిపాయ, క్యాబేజీ, పులుపు కలిపిన పచ్చడిలాంటిది. నాన్‌బ్యా అంటే నాన్. డాన్‌బౌక్ అంటే దమ్ పుఖ్త్. మా దమ్ బిర్యానీయే నోరు తిరగక అలా అయింది. అక్కడి పెళ్ళిళ్ళలో, దానధర్మాల్లో డాన్‌బౌక్ వడ్డిస్తే గొప్ప. బర్మా టీ దుకాణం చూసినవాళ్ళకి మా ఇరానీ హోటలు గుర్తొస్తుంది. చిక్కటి పాల టీ, పక్కన సమోసా, నాలుగు బల్లలు, దేశ రాజకీయాలన్నీ.

ఓన్ నో ఖౌక్ స్వే సంగతి చూడండి. కొబ్బరిపాల పులుసులో కోడిమాంసం, నూడుల్స్, మీద ఉడికించిన గుడ్డు, వేయించిన ఉల్లి, నిమ్మరసం, కారం. బర్మానుంచి తిరిగొచ్చిన మేమన్ కుటుంబాలు దీన్ని ఖౌసా అని తమ పెళ్ళి దస్తర్‌ఖాన్‌ల మీదికి తెచ్చుకున్నాయి. దీని దాయాది ఖావ్ సోయ్ ఉత్తర థాయిలాండులో ఉంటుంది. యున్నాన్ నుంచి కంచరగాడిదల మీద సరుకు మోసుకుంటూ కొండలు దిగివచ్చిన చైనా ముస్లిం వర్తకులతో ఆ వంటకాన్ని ముడిపెడతారు. ఆ యున్నాన్ ముస్లింలని బర్మాలో పంథే అంటారు. బౌద్ధ రాజు మిండన్ అనుమతితో 1868లో మాండలేలో వాళ్ళ మసీదు లేచింది. అటువంటి రాజులూ ఉన్నారు. ఆ మాట దాచిపెడితే మేం రాసేదీ అబద్ధమే అవుతుంది.

ఆ ఖౌక్ స్వే పులుసు చిక్కబడటానికి శనగపిండి కలుపుతారు. శనగని బర్మా భాషలో ‘కలా పే’ అంటారు. పే అంటే పప్పు. కలా అంటే? పడమటినుంచి వచ్చినవాడు, భారతీయుడు, ముస్లిం. ఆ మాట పుట్టుక మీద పండితులు తగువులాడుకుంటారు. వాడుకలో మాత్రం తగువు లేదు. అది తిట్టు. కుర్చీని కూడా వాళ్ళు ‘కలా’ కూర్చునేది అనే అర్థం వచ్చేలా పిలుస్తారు. అంటే పరాయివాడి పప్పు లేకపోతే పులుసు చిక్కబడదు. పరాయివాడి కుర్చీ లేకపోతే కూర్చుని తినడం కుదరదు. అయినా పరాయివాడు పరాయివాడే. మెనూ కార్డు మీద ఈ మాట కనపడదు. ‘చిక్ పీ’ అని ఇంగ్లీషులో అందంగా రాసి ఉంటుంది.

ఇక్కడ లౌకిక పాఠకులకి ఒక మాట. కలా అనేది మా ఒక్కరి బిరుదు అనుకోకండి. మీ తాతలదీ అదే. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుంచి జనం రంగం పోయారు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనే అన్నారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళని కోరంగీలు అన్నారు. 1931 లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవు పని దగ్గర గొడవ మొదలై తెలుగు కూలీల్ని వెంటాడి కొట్టారు, చంపారు. 1938లో ఆ కోపం ముస్లింల మీదికి మళ్ళింది. మసీదులు తగలబడ్డాయి. 1942లో జపాన్ బాంబులకి లక్షలమంది అడవులు దాటి నడిచివచ్చారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చాక దుకాణాలు జాతీయం చేసి ఇంకా లక్షలమందిని వెళ్ళగొట్టారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ కథకి సాక్షి. చెన్నైలో బర్మా బజారు పక్కన అతో, మొహింగా అమ్మే బండ్లు కూడా సాక్షులే. వెళ్ళేటప్పుడు ఓడలో హిందువు, ముస్లిం అని రెండు వరసలు లేవు. తిట్టేవాడి నోట్లోనూ రెండు మాటలు లేవు. మరి తిరిగొచ్చిన తర్వాత మాత్రం మీరు స్వదేశీయులు, మేం అనుమానితులం ఎలా అయ్యాం?

మెనూ కార్డు చెప్పని సంగతుల్లో అన్నిటికంటే పెద్దది ఒక అంకె. 786. మా హోటళ్ళమీద, లారీలమీద, పెళ్ళి పత్రికలమీద మీరు చూసే అంకే. బిస్మిల్లాలోని అక్షరాల విలువలు కూడితే వచ్చే లెక్క అది. అందులో రహస్యం ఏమీ లేదు. బర్మాలో కూడా ముస్లిం హోటళ్ళు ఆ అంకె పెట్టుకునేవి. ఇక్కడ హలాల్ దొరుకుతుందని బాటసారికి తెలియడానికి. అన్నం పెట్టే అంకె అది. దానిలో కుట్ర ఉందని కొందరు భిక్షువులు ప్రచారం చేశారు. 7, 8, 6 కలిపితే 21 వస్తుంది కాబట్టి 21వ శతాబ్దంలో ముస్లింలు బర్మాని ఆక్రమిస్తారట! దానికి పోటీగా 969 వచ్చింది. బుద్ధుడి గుణాలు 9, ధర్మం గుణాలు 6, సంఘం గుణాలు 9. ఆ అంకె కాగితాలు దుకాణాలకి, టాక్సీలకి అంటించారు. ఆ అంకె ఉన్నచోటే కొనండి, 786 ఉన్నచోట కొనకండి అన్నారు. కరుణ చెప్పిన బుద్ధుణ్ణి కొట్టు బోర్డుగా మార్చారు.

2013 మార్చిలో మెయిక్తిలా ఊళ్ళో బంగారం కొట్టు దగ్గర చిన్న తగువు మొదలైంది. ముస్లిం పేటలు బూడిదయ్యాయి. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. వాళ్ళలో మదరసా పిల్లలు ఉన్నారు. అదే ఊళ్ళో ఒక బౌద్ధ మఠం వందలమందికి తలుపులు తీసి కాపాడింది. మతం చంపదు, మతంతో బేరం చేసేవాళ్ళు చంపుతారు అని మేం ఎప్పుడూ చెప్పే మాటకి అది రుజువు. డాన్‌బౌక్‌ని బహిష్కరించండి అని మాత్రం ఎవరూ అనలేదు చూడండి. వండినవాణ్ణి బహిష్కరించారు. వంటని ఉంచుకున్నారు.

బర్మా స్వాతంత్ర్యానికి మా రక్తం లేదా? 1947 జులై 19న అంగ్ సాన్‌తో పాటు కాల్చిచంపిన మంత్రుల్లో అబ్దుల్ రజాక్ ఉన్నాడు. మాండలేలో బడి నడిపిన ముస్లిం. ఏటా అమరుల దినం నాడు ఆయనకీ పూలు పెడతారు. ఆ అంగ్ సాన్ కూతురి పార్టీ 2015 ఎన్నికల్లో ఒక్క ముస్లింకి కూడా టికెట్టు ఇవ్వలేదు. ప్రజాస్వామ్యం గెలిచిందని ప్రపంచం చప్పట్లు కొట్టిన ఆ పార్లమెంటులో ముస్లిం లేడు. సైనికుల రాజ్యాంగాన్ని మార్చాలని వాదించిన ముస్లిం లాయరు కో నీని 2017 జనవరి 29న రంగూన్ విమానాశ్రయం ముందు, మనవణ్ణి ఎత్తుకుని ఉండగా కాల్చేశారు. లౌకిక పార్టీలు ఓట్ల లెక్కకి భయపడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం బర్మాదాకా పోనక్కర్లేదు. కానీ పోయి చూస్తే బాగా కనిపిస్తుంది.

మెనూ కార్డులో అసలు లేనివాళ్ళు రోహింగ్యాలు. షాన్ నూడుల్స్ ఉంటాయి, కచిన్ పచ్చళ్ళు ఉంటాయి, రఖైన్ పులుసు ఉంటుంది. అదే రఖైన్‌లో పుట్టిన రోహింగ్యాకి ఒక్క వరస ఉండదు. 1982 పౌరసత్వ చట్టం కూడా మెనూ కార్డులాంటిదే. 1823కి ముందునుంచీ ఉన్న జాతులే అసలు పౌరులంది. ప్రభుత్వం ఒప్పుకున్న 135 జాతుల జాబితాలో రోహింగ్యా పేరు లేదు. 2017 ఆగస్టు తర్వాత 7 లక్షలమందికి పైగా నాఫ్ నది వైపు పారిపోయారు. మా హైదరాబాదు బాలాపూర్ వైపు గుడిసెల్లోనూ వాళ్ళు వేలమంది తలదాచుకున్నారు. ‘బర్మా భోజనం ఎంత వైవిధ్యం’ అని మీరు మెచ్చుకునే ఊళ్ళోనే ‘బర్మావాళ్ళని వెళ్ళగొట్టండి’ అనే మాటా వినిపిస్తుంది. ఇద్దరూ మాట్లాడేది ఒకే దేశం గురించి. ఒకరు పళ్ళెం గురించి, ఒకరు మనిషి గురించి.

ఇదంతా పరదేశం గొడవ అని ఊరుకోవచ్చా? 2022 ఉగాదికి కర్ణాటకలో హలాల్ మాంసం కొనవద్దని పిలుపులిచ్చారు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కాఁవడ్ యాత్ర దారిలో ఉన్న హోటళ్ళవాళ్ళు తమ పేర్లు బోర్డుమీద రాయాలన్నారు. పళ్ళ బండివాడు కూడా పేరు కట్టుకోవాలి. ఆ పేరు ఎందుకో అందరికీ తెలుసు. జులై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది, వంటకం ఏమిటో రాస్తే చాలు, మనిషి పేరు రాయమని బలవంతం చేయొద్దంది. 969 కాగితానికీ ఈ ఉత్తరువుకీ తేడా ఏమిటో మాకు ఎవరైనా చెప్పండి. బర్మాలో మా అంకె మీద పడ్డారు, ఇక్కడ మా పేరు మీద పడ్డారు. హైదరాబాదు బిర్యానీ కావాలి. రంజాన్‌లో హలీం కోసం పాతబస్తీలో వరసలు కడతారు. మర్నాడు అదే హలీం వండినవాడు ఇల్లు అద్దెకి అడిగితే ‘మేం వెజిటేరియన్లకే ఇస్తాం’. బిర్యానీకి పౌరసత్వం ఉంది. బావర్చీకి లేదు.

మావాళ్ళతో కూడా మాట్లాడాల్సింది ఉంది. హలాల్ బోర్డు చూసి తృప్తిపడి కూర్చునే మాలో ఉన్నోళ్ళు, ఆ వంటింట్లో ఎవరున్నారని అడుగుతున్నారా? థాయిలాండులో లక్షలాది బర్మా వలస కూలీలు పనిచేస్తున్నారు. హోటళ్ళలో గిన్నెలు కడిగేది, రేవుల్లో రొయ్యలు ఒలిచేది వాళ్ళే. కాగితాలు లేనివాడికి కూలీ ఎంత ఇస్తే అంత. జంతువుని ఎలా కోశారో అడిగే హక్కు మనకి ఉంది. మనిషికి ఎలా పెట్టారో అడిగే బాధ్యత కూడా ఉంది. అష్రాఫ్ ఇంటి దస్తర్‌ఖాన్ మీద దూదేకులవాడికి, కసాయికి ఎక్కడ చోటుందో చూసుకోకుండా, బర్మాలో మాకు చోటులేదని ఏడిస్తే ఆ ఏడుపు సగమే నిజం అవుతుంది. ఖురేషీ కోసిన మాంసం హలాల్, ఖురేషీతో పిల్లనివ్వడం మాత్రం కుదరదు అనేవాళ్ళు మాలో లేరా? ఇదీ 969 లాంటిదే. అంకె కనపడదు, అంతే.

స్వచ్ఛమైన వంట లేదు. మసమన్‌లో పర్షియా ఉంది, సయాం ఉంది, అమెరికా ఆలుగడ్డ ఉంది. ఖౌక్ స్వేలో మన శనగ ఉంది, చైనా నూడుల్ ఉంది. ఇవి మావే అని హక్కు పత్రాలు రాయించుకోవాలని మేం అనడంలేదు. అలా అంటే జాతుల జాబితా రాసినవాళ్ళకీ మాకూ తేడా ఉండదు. ఇవి అందరివీ. అందరివీ కాబట్టే అందులో మేమూ ఉన్నాం అని ఒప్పుకోమంటున్నాం. ఎవరో ఒకర్ని పరాయి అని తీసేయాలంటే ముందు పులుసులోంచి శనగపిండి తీసి చూపించండి. ఉడికిన తర్వాత అది ఎవరివల్లా కాదు.

విమర్శకులు చేయాల్సిన పని ఇదే. ‘రుచి అద్భుతం, వడ్డన ఆలస్యం’ అని రాసి ఊరుకోవడం విమర్శ కాదు. ఈ పేరు ఎవరిది, ఈ మసాలా ఏ దారిన వచ్చింది, తెచ్చినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు అని అడగాలి. బిర్యానీ తిన్న చేత్తో అద్దె ఇంటి తలుపు మా మొహంమీద వేయకూడదని రాయాలి. మసమన్ ఆర్డరిచ్చేవాళ్ళు తక్ బై పేరు ఒక్కసారి పలకాలి. ఖౌక్ స్వే తాగేవాళ్ళు బాలాపూర్ గుడిసెలవైపు ఒక్కసారి పోవాలి. మాకు పళ్ళెంలో చోటు చాలదు. బల్ల దగ్గర కుర్చీ కావాలి.